ఎడమ గడిలో వరద

‘భారత్ గృహ రక్ష’ పాలసీ పత్రంలో ఒక పట్టిక ఉంటుంది. రెండు నిలువు గడులు. ఏయే ప్రమాదాల వల్ల ఇల్లు పాడైతే డబ్బు ఇస్తారో ఎడమ గడి చెబుతుంది. అదే ప్రమాదంలో ఏ నష్టానికి ఇవ్వరో కుడి గడి చెబుతుంది. నిప్పుకు ఎదురుగా ఒక షరతు ఉంది. అల్లర్లకు ఎదురుగా పేరాడు షరతులున్నాయి. తుపాను, గాలివాన, సునామీ, వరద, మునక అని వరసగా రాసిన చోట మాత్రం కుడి గడి ఖాళీ. అక్కడ తెల్ల కాగితమే.

ఆ ఖాళీని నేను చాలాసేపు చూశాను. ఎందుకంటే మాది హైదరాబాద్‌లో చెరువుల పక్కనున్న రాజేంద్రనగర్.

పాలసీ కోసం అడిగినప్పుడు ఏజెంటు ముందు పిన్‌కోడు అడిగాడు. 500030 అన్నాను. తర్వాత కాలనీ పేరు, ఆ తర్వాత ‘చెరువు ఎంత దూరం సార్?’ అన్నాడు. చెప్పాను. ‘ఆ సైడు జర కష్టం సార్, కనుక్కొని మళ్లీ చేస్తా’ అన్నాడు. మళ్లీ చేయలేదు. ఇంకొకాయన ‘కారు ఇన్సూరెన్స్ ఉందా సార్, అది చేద్దాం’ అన్నాడు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. లేదని ఎవరూ కాగితం మీద రాసివ్వరు. ఫోను ఎత్తడం మానేస్తారు, అంతే. తిరస్కారం ఇలా ఉంటుందని తెలిశాక, అసలు వాళ్లు అమ్మాల్సిన కాగితంలో ఏముందో చూద్దామని కూర్చున్నాను. చదివాక కోపం కొంత తగ్గింది. ఆ కాగితాన్ని ఎవరో ఓపికగా, ఇల్లున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు రాశారు.

ఏజెంటు భయానికి కారణం లేదని అనను. 2020 అక్టోబరు 13 రాత్రి ఇక్కడున్నవాళ్లకు ఆ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి నీళ్లు బెంగళూరు హైవే మీదికి వచ్చాయి. ఇళ్లు మునిగాయి, బండ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర పల్లె చెరువు నీళ్లు కిందనున్న బస్తీల మీద పడ్డాయి. అదే రాత్రి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. ఆ నీళ్లు ఈసీ వాగులో దిగి, బాపూఘాట్ దగ్గర మూసీలో కలిసేదాకా మన పక్క నుంచే పోవాలి. 1908 సెప్టెంబరు వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన జంట జలాశయాల్లో హిమాయత్‌సాగర్ ఒకటి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరాన్ని కాపాడటానికి నీళ్లను ఆపే చోటు ఎక్కడో, వదిలే చోటు ఎక్కడో ఆనాడే ఖాయమైంది. అప్పుడు ఆ వదిలే దారిలో పొలాలున్నాయి. ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. 2025 సెప్టెంబరు 26 రాత్రి రెండు జలాశయాల నీళ్లూ కలిసి కిందికి పోయి ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి.

2020లో మునిగిన ఇళ్లకు ప్రభుత్వం తక్షణ సాయంగా పది వేలు ప్రకటించింది. పూర్తిగా కూలితే లక్ష, కొంత దెబ్బతింటే యాభై వేలు. మా వీధిలో ఒకామె ఆ పది వేలతో మోటారు బాగుచేయించి, ఫ్రిజ్ సంగతి దేవుడికి వదిలేసింది. బీమా అనే మాట ఆ రోజుల్లో ఎవరి నోటా వినలేదు.

ఆర్నెల్లు తిరక్కుండానే, 2021 ఏప్రిల్ 1 నుంచి, సాధారణ బీమా సంస్థలన్నీ ఇళ్లకు ఒకే మూస పాలసీ అమ్మాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అదే భారత్ గృహ రక్ష. ఏ కంపెనీ దగ్గర కొన్నా మాటలు అవే, షరతులు అవే. ఈ ఐఆర్‌డీఏఐ ఢిల్లీలోనో ముంబయిలోనో లేదు, నానక్‌రామ్‌గూడలో ఉంది. మా దగ్గర అవుటర్ ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. అంతకుముందు ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ గోదాములకూ ఒకటే అగ్నిబీమా పాలసీ ఉండేది. అగ్ని ప్రధానం, వరద తోక. ప్రీమియం కాస్త తగ్గించుకోవాలంటే తుపాను, వరదల జట్టును పాలసీలోంచి తీసేయించుకునే వీలు పాత టారిఫ్‌లో ఉండేది. చెరువు కింద ఉన్న మనిషి కొన్ని రూపాయలు మిగులుతాయని వరదనే కత్తిరించుకునేవాడన్నమాట. కొత్త పత్రంలో వరద తోక కాదు, ఒంట్లో భాగం.

ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్లను అడగాలి. అమెరికాలో మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు. ప్రైవేటు సంస్థలు ఆ పని మాది కాదని తప్పుకుంటే 1968లో అక్కడి ప్రభుత్వమే విడిగా జాతీయ వరద బీమా పెట్టాల్సి వచ్చింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు, ఇంటికి బీమా ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు చాలామంది నీళ్లు నడుముదాకా వచ్చాక పాలసీ తీసి చూసుకున్నారు. వరదకు వేరే పాలసీ కొనాలని అప్పుడు తెలిసింది. మన కాగితంలో ఆ బోల్తా లేదు.

ఇక పనితనం.

మొదట ఇంటి విలువ కట్టే తీరు. చదరపు మీటర్లలో కార్పెట్ ఏరియా ఎంతో, పాలసీ మొదలయ్యే రోజుకు చదరపు మీటరు కట్టడానికి ఎంతవుతుందో, రెండూ గుణిస్తే బీమా మొత్తం. భూమి ధర ఇందులో లేదు. రాజేంద్రనగర్‌లో ‘మా ఇల్లు కోటిన్నర’ అని ఎవరైనా అంటే అందులో సింహభాగం కింది జాగాది. గోడలది, స్లాబుది చిన్న వాటా. భూమి వరదలో పోదు కనుక దానికి ప్రీమియం కట్టించరు. ఎంత సులువైన విషయం! కానీ పాలసీ అంటే ‘మార్కెట్ రేటు ఎంత సార్’ అని మొదలుపెట్టే ఏజెంట్లకు ఇప్పటికీ ఇది ఎక్కలేదు.

ఇల్లంటే ఏమిటో చెప్పే నిర్వచనం ఇంకా బాగుంటుంది. గ్యారేజీ, పార్కింగు, ప్రహరీ, గేటు, వరండా, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, సోలార్ పలకలు, ఏసీ దాకా లెక్కలోకి తెచ్చారు. కొత్తిల్లు చూడటానికి వచ్చిన చుట్టాన్ని ఇంటాయన గేటు దగ్గర మొదలుపెట్టి డాబా మీదికి తీసుకెళ్లినట్టుంది ఆ వాక్యం. బల్ల దగ్గర కూర్చున్న వకీలుకు సెప్టిక్ ట్యాంకు గుర్తుకు రాదు. వరదలో ఇల్లు కడిగినవాడికి వస్తుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది తక్కువ బీమాకు కోత ఎత్తేయడం. పాత పద్ధతి ఇలా ఉండేది. ఇల్లు మళ్లీ కట్టడానికి నలభై లక్షలు అవుతుందనుకోండి. మీరు ఇరవై లక్షలకే బీమా చేశారు. వరదలో ఎనిమిది లక్షల నష్టం వచ్చింది. ఇరవై లక్షల్లోపే కదా, ఎనిమిదీ ఇస్తారనుకుంటారు మీరు. ఇవ్వరు. సగానికే బీమా చేశావు కాబట్టి నష్టంలోనూ సగమే నాది అని సంస్థ నాలుగు లక్షలు చేతిలో పెట్టేది. లెక్క ప్రకారం తప్పు కాదు, కానీ ఇల్లు మునిగినవాడికి ఆ లెక్క అర్థం చేయించగల సర్వేయరు ఇంకా పుట్టలేదు. కొత్త పత్రం ఆ కోతను పూర్తిగా వదులుకుంది. ఇరవై లక్షలకే చేసినా ఎనిమిది లక్షల నష్టానికి ఎనిమిదీ ఇవ్వాలి, ఇరవై దాటకుండా. ఒక్క వాక్యంతో ఎన్నో కొట్లాటలకు మొదలే లేకుండా చేశారు.

ఆ వెనకే ఇంకో సన్నని కుట్టు ఉంది. ఏడాది పాలసీలో బీమా మొత్తం రోజురోజుకూ పెరుగుతుంది, మొదటి మొత్తంలో పది శాతాన్ని 365 భాగాలు చేసి రోజుకో భాగం చొప్పున. ముప్ఫై లక్షల పాలసీ అయితే రోజుకు ఎనిమిది వందల ఇరవై రూపాయల పైచిలుకు. ఏడాది చివరికి ముప్ఫై మూడు లక్షలు. సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలీ ఏడాది మొదట్లో ఉన్న చోట ఉండవని రాసినవాళ్లకు తెలుసు. జూన్‌లో తీసుకున్న పాలసీ అక్టోబరు వానకు అక్కరకు రావాలంటే అది అక్టోబరు రేట్లలో ఉండాలి. పదేళ్ల వరకు పాలసీ తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ఏటా పది శాతం చొప్పున, గరిష్ఠంగా మొదటి మొత్తానికి రెట్టింపు దాకా, అదనపు ప్రీమియం లేకుండా పెరుగుతుంది.

సామాన్ల విషయంలోనూ ఇదే చూపు. ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో ఇరవై శాతం, పది లక్షలు మించకుండా, మామూలు సామానుకు దానంతటదే వర్తిస్తుంది. జాబితా ఇవ్వక్కర్లేదు. పప్పుల డబ్బాలు, మంచాలు, గ్రైండరు ఎవరు రాసిపెట్టుకుంటారు? ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే వేరే ఇంటి అద్దె. శిథిలాలు ఎత్తిపోసే ఖర్చుకు క్లెయిములో రెండు శాతం దాకా. ఇంజనీరు, ఆర్కిటెక్టు ఫీజులకు అయిదు శాతం దాకా.

పట్టిక చివర్లో దొంగతనం ఉంది, కానీ మామూలు దొంగతనం కాదు. పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదో ఒకటి జరిగి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనం. దీన్ని రాసిన చేతికి మొక్కాలనిపించింది. ఇంట్లో నీళ్లు చేరితే పిల్లల్ని తీసుకుని అత్తగారింటికి పోతాం. తలుపుకు తాళం ఉన్నా చెక్క ఉబ్బి సరిగా పడదు. వీధిలో కరెంటుండదు. మూడో రోజు వచ్చి చూస్తే నీళ్లు వదిలిన గ్యాస్ బండను మనిషి ఎత్తుకుపోయి ఉంటాడు. వరద పోయాక వచ్చే ఆ రెండో వరద సంగతి ఇక్కడ తెలిసి రాశారు. కుడి గడిలో దీనికో షరతు ఉంది: ఇంటి బయట పడున్న వస్తువుకు వర్తించదు, గోడకో కప్పుకో బయట తగిలించిందైతే గట్టిగా బిగించి ఉండాలి. ఏసీ బయటి పెట్టెను ఇటుకల మీద పెట్టి వదిలేసినవాళ్లు గమనించాలి.

కొన్ని వరసలు చదువుతుంటే నవ్వొస్తుంది. క్షిపణి పరీక్షల వల్ల నష్టం అని ఒక వరుస ఉంది. క్షిపణుల మీద పరిశోధన చేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్ మనకు పక్కనే ఉన్నా పరీక్షలు జరిగేది ఒడిశా తీరంలో, కంగారు వద్దు. ఢీకొనే ప్రమాదాల వరుసలో వాహనం, చెట్టు, విమానం, గోడ అని ఉంటుంది. శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి మన డాబాల మీదుగా దిగే విమానాలకు కూడా ఆ కాగితంలో చోటుంది. ఎదుటి గడిలో మాత్రం ధ్వని వేగాన్ని దాటిన విమానాల గాలి ఒత్తిడికి ఇవ్వమన్నారు. అలాంటివి శంషాబాద్‌లో దిగవు లెండి. గోడ అన్న మాటకు మాత్రం నవ్వు రాదు. 2020లో అదే రాత్రి బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ప్రహరీ కూలి కింది ఇళ్ల మీద పడింది.

ఇప్పుడు వరద వరుస కిందికి రావాలి. అసలు కథ అక్కడుంది.

వరదకు ఎదురుగా కుడి గడి ఖాళీ అన్నాను కదా. దాని కిందనే నేల కుంగడం, కొండచరియలు అని ఇంకో వరుస. దానికి ఎదురుగా కుడి గడి కిక్కిరిసి ఉంది. కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లకు ఇవ్వం. నదీ, సముద్ర తీరాల కోతకు ఇవ్వం. లోపమున్న డిజైనుకు, పనికి, సామగ్రికి ఇవ్వం. పోసి చదును చేసిన నేల కుంగితే ఇవ్వం.

పోసిన నేల! రాజేంద్రనగర్ గురించి తెలిసిన ఎవరైనా ఆ రెండు మాటల దగ్గర ఆగాలి. ఇక్కడ చెరువు శిఖం భూములు ఎలా ప్లాట్లయ్యాయో అందరికీ తెలుసు. ముందు కూల్చిన ఇళ్ల శిథిలాలు లారీల్లో తెచ్చి పోస్తారు. పైన మొరం. రెండు వానలకు అది దిగుతుంది, ఇంకో వరస పోస్తారు. తర్వాత రాళ్లు పాతి నంబర్లు వేస్తారు. పదేళ్లకు ప్లాటు మూడు చేతులు మారి నాలుగో మనిషి ఇల్లు కట్టుకునేసరికి కింద ఏముందో అతనికి తెలియదు. వరద వచ్చి పోయాక మెట్ల గదికి, హాలుకు మధ్య గోడ నిలువునా చీలిందనుకోండి. నీళ్ల దెబ్బకు చీలిందని సర్వేయరు రాస్తే అది ఎడమ గడి, ఎదురు షరతే లేదు. కింద పోసిన మట్టి దిగి చీలిందని రాస్తే కుడి గడి, పైసా రాదు. పగులు ఒకటే, రెండు వరసల మధ్య గీత దాని మీదుగానే పోతోంది. నాకు దీని మీద ఫిర్యాదు లేదు. మట్టి పోసి ప్లాటు చేసినవాడి లాభానికి, మిగతా పాలసీదారుల ప్రీమియంతో పూచీ ఎందుకు? కానీ షరతు పెట్టిన చోటే, దాన్ని రుజువు చేయాల్సింది ఎవరో కూడా ఒక మాట రాసుంటే ఈ పత్రం ఇంకా నిండుగా ఉండేది. మినహాయింపు వర్తిస్తుందని నిరూపించే భారం బీమా సంస్థదేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. పగిలిన గోడ ముందు నిలబడ్డ మనిషికి అది ఎవరు చెప్తారు?

రాజేంద్రనగర్‌వాళ్లు ఆగాల్సిన రెండో చోటు అల్లర్ల వరుసకు ఎదురుగా ఉంది. ప్రభుత్వం లేదా చట్టబద్ధమైన అధికారి ఆజ్ఞతో స్వాధీనం చేసుకున్నా, ధ్వంసం చేసినా ఇవ్వం అని అక్కడుంది. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడింది. ఆగస్టులో శివరాంపల్లి బుమ్ రుక్నుద్దౌలా చెరువులో కట్టడాలు కూల్చింది. నెలాఖరుకు గగన్‌పహాడ్ వచ్చి, 2020లో తెగిన ఆ అప్ప చెరువులోనే లేచిన షెడ్లను తీసేసింది. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్లు, తక్కువైతే 9 మీటర్లు బఫర్. ఆ గీతకు లోపల ఇల్లున్నవాడికి ఇప్పుడు రెండు భయాలు, నీళ్లు, బుల్డోజరు. కాగితం మొదటిదానికి ఖాళీ గడి ఇచ్చింది, రెండోదానికి నిండు గడి. ఇందులో వంకరేమీ లేదు, ఏ దేశంలో రాసినా ఇలాగే రాస్తారు. అయినా ఆ రెండు వరసలూ ఒకే పేజీలో చూస్తే, మా ప్రాంతం పటాన్ని ముందు పెట్టుకుని గీసినట్టుంటుంది.

ఇంత బాగా రాసిన కాగితానికి ఉన్న లోటు దాని మాటల్లో లేదు, దాని గుమ్మంలో ఉంది. పాలసీ ఇచ్చాక ఏం చేయాలో అది పూర్తిగా చెబుతుంది. ఎవరికి ఇవ్వాలి, ఎంతకు ఇవ్వాలి అన్నది మాత్రం సంస్థ చేతిలోనే ఉంది. వరద గడిలో షరతు పెట్టే వీలు లేకపోతే, షరతు ఫోను దగ్గరకు వచ్చి కూర్చుంటుంది: ‘చెరువు ఎంత దూరం సార్?’ అని.

దీనికి మందు లేకపోలేదు. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి ఫ్లడ్ రీ అని ఒక ఉమ్మడి నిధి నడుస్తోంది. మునిగే ప్రాంతంలోని ఇంటికి కూడా సంస్థ మామూలుగా పాలసీ ఇస్తుంది, అందులో వరద వాటాను మాత్రం స్థిరమైన ధరకు ఆ నిధికి బదలాయిస్తుంది. నిధికి డబ్బు దేశంలోని ఇంటి బీమా సంస్థలన్నిటి దగ్గర వసూలు చేసే సుంకం నుంచి వస్తుంది. 2039 దాకా నడిపి, ఆ తర్వాత ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలన్నది ఏర్పాటు. అందులో ఒక పదునైన గీత ఉంది: 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్లకు ఇది వర్తించదు. తెలిసి తెలిసి వాగులో కట్టినవాడికి అందరి డబ్బుతో పూచీ లేదని. ఉమ్మడి నిధి అన్నది మనకూ తెలియని పని కాదు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఉగ్రవాద నష్టానికి విదేశీ రీఇన్సూరెన్స్ సంస్థలు వెనక్కి తగ్గితే, మన సంస్థలు 2002లో ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీ నిర్వహణలో ఉగ్రవాద పూల్ పెట్టుకున్నాయి. భారత్ గృహ రక్ష పట్టికలో ఉగ్రవాదం కూడా ఎడమ గడిలోనే ఉంది. వరదకూ అలాంటి పూల్ వెనక నిలబడితే, మా పిన్‌కోడు విన్న ఏజెంటు ఫోను పెట్టేయడు. ఆ పని మొదలుపెట్టాల్సిన ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంది.

పాలసీ ఇప్పటికే ఉన్నవాళ్లకు ఒక మాట. బ్యాంకు అప్పుతో పాటు వచ్చి బీరువాలో పడున్న ఆ కాగితం తీసి, పట్టికతో ఆపకుండా వెనక ఉన్న మినహాయింపులు కూడా చదవండి. పాలసీ తీసుకున్న తర్వాత, లేదా రెన్యువల్ చేసిన తర్వాత, కార్పెట్ ఏరియా పది శాతానికి మించి పెరిగితే ఆ పెంచిన భాగానికి డబ్బు రాదు, ముందే చెప్పి అదనపు ప్రీమియం కట్టి ఉంటే తప్ప. కింద నీళ్లొస్తాయని భయపడి పైన గది వేసినవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. వేసి ఉంటే, వానలు రాకముందే కొలతలు రాసి పంపి, ఎండార్స్‌మెంటు కాగితం చేతికి తీసుకోండి.